పెరట్లో పీచ్, ప్లమ్, ఆప్రికాట్: ఆకు ముడత, బంక, కత్తిరింపు గురించి సలహా కావాలి

ప్రశ్న: ఆల్మడెన్ వాసి (ఏప్రిల్ నెలాఖరు)

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్ల క్రితం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఆల్మడెన్ వైపు ఇల్లు కొనుక్కున్నాము. పెరట్లో మాకంటే చాలా ముందు నుంచీ ఉన్న ముసలి ఆప్రికాట్ చెట్టు ఒకటి ఉంది. ఇల్లు అమ్మినవారు అది బ్లెన్‌హైమ్ రకమని చెప్పారు. మూడేళ్ల క్రితం జనవరిలో, వేళ్లకు మట్టి లేకుండా అమ్మే మొక్కలు రెండు తెచ్చి దాని పక్కన నాటాము. ఒకటి బాబ్‌కాక్ పీచ్, రెండవది శాంటా రోజా ప్లమ్. నేల బంకమట్టి, వానాకాలంలో బూటుకు అంటుకుంటే ఊడి రాదు, ఎండాకాలంలో పారకు లొంగదు.

మార్చిలో మా నాన్నగారు నూజివీడు నుంచి వచ్చారు. నలభై ఏళ్లు మామిడి తోట చూసిన మనిషి కావడంతో, వచ్చిన మరునాడే పార పట్టుకొని మూడు చెట్లకూ పాదులు చేసి, తవ్విన మట్టిని మొదళ్లకు ఎగదోశారు. అప్పటి నుంచి వాన పడని ప్రతి ఉదయమూ పాదు నిండేదాకా గొట్టంతో నీళ్లు పెడుతున్నారు. ఆయన పెరట్లో తిరుగుతుంటే మాకు సంతోషంగానే ఉంది కానీ, చెట్ల పరిస్థితి చూస్తే అనుమానంగా ఉంది.

పీచ్ ఆకులు విప్పారుతూనే మందంగా, ఎర్రగా, బొబ్బలెక్కినట్టు ముడుచుకుపోయాయి. ఇది మిరపకు వచ్చే ముడత వంటిదేనని, తామర పురుగో నల్లో కారణమై ఉంటుందని నాన్నగారు రెండుసార్లు వేప నూనె కొట్టారు. ఏమీ మారలేదు. ఆప్రికాట్ కొమ్మలు రెండు పక్కింటి కప్పు మీదికి వెళ్తున్నాయని కిందటేడు జనవరిలో నేనే రంపంతో కోయించాను. ఇప్పుడు ఆ కోతల్లో ఒకదాని దగ్గర తేనె రంగు బంక కారుతోంది, దాని పైనున్న కొమ్మ ఆకులతో సహా వాడిపోతోంది. ప్లమ్ మాత్రం విరగకాసింది. ఒక్కో రెమ్మకు గుత్తులు గుత్తులుగా పచ్చి కాయలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తుంచేయాలని చదివాను. "నిలుపుకోగలిగినన్నే చెట్టు నిలుపుకుంటుంది, మిగతావి అదే రాల్చుకుంటుంది, మామిడి చెయ్యడం లేదా?" అని నాన్నగారు నన్ను చెట్టు దగ్గరకు రానివ్వడం లేదు.

వచ్చే శీతకాలంలో బింగ్ చెర్రీ ఒకటి నాటాలని కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఫ్రీమాంట్ పెరటి రైతు

నమస్కారమండీ. మీరు అడిగిన క్రమంలో కాకుండా, ముందు నీళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావి ఆగుతాయి, ఇది ఆగదు. ఈ రోజు సాయంత్రమే ఆ పాదులు పూడ్చి, మొదళ్లకు ఎగదోసిన మట్టిని చేత్తో తీసేయండి. చెట్టు నాటినప్పుడు నేలకు కొంత పైన, కాండం కాస్త వంకర తిరిగినట్టు ఉండే అంటు ముడి కనిపించి ఉంటుంది. అది మళ్లీ బయటపడేదాకా మట్టి తీయాలి. పీచ్, ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ అన్నింటికీ మొదలు దగ్గర బెరడు తడిగా ఉండడమే పెద్ద గండం. బంకమట్టిలో నీరు ఇంకక నిలిచిపోతే వేళ్లకు గాలి అందదు, ఫైటోఫ్తోరా అనే తెగులు మొదలును పట్టుకుంటుంది. అది పట్టిందో లేదో తెలుసుకోవాలంటే, నేలకు సరిగ్గా ఆనుకున్న చోట చాకు మొనతో బెరడును గోరంత మేర గీకి చూడండి. లోపల పాలమీగడ రంగో లేత పచ్చో ఉంటే చెట్టు క్షేమంగా ఉన్నట్టే. గోధుమ రంగుకు తిరిగి, తడిసిన అట్టముక్కలా మెత్తగా ఉంటే మాత్రం ఆ పక్కన బెరడు చచ్చిపోయిందని అర్థం. నా మొదటి నెక్టరిన్ (నూగు లేని పీచ్) చెట్టు ఇలాగే పోయింది. పైన ఆకులు పసుపు పచ్చబడితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను.

మీ నాన్నగారిది తప్పు అనను. నూజివీడు ఎండలకు, అక్కడి నేలకు, వేరు బాగా లోతుకు వెళ్లే మామిడికి పాదు పద్ధతి సరిపోతుంది. ఇక్కడ మూడేళ్ల చెట్టుకు మే నుంచి సెప్టెంబరు దాకా వారానికో పది రోజులకో ఒకసారి, కొమ్మల అంచు కిందుగా వలయంలా, నెమ్మదిగా, లోతుగా తడి దిగేలా నీళ్లు ఇస్తే చాలు. ముసలి ఆప్రికాట్‌కు అంతకంటే అరుదుగా ఇవ్వవచ్చు. నీళ్లు పెట్టేముందు నాలుగంగుళాల లోతున మట్టి తీసి పిడికిట్లో పిసికి చూడండి. ఉండ కట్టి మెరుస్తుంటే ఆ రోజు గొట్టం ముట్టుకోనవసరం లేదు.

ఇక పీచ్ ఆకు ముడత. పేరొకటే కానీ మిరప ముడతకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది పురుగు కాదు, టాఫ్రినా అనే శిలీంధ్రం. దాని బీజాలు చలికాలమంతా బెరడు మీద, మొగ్గల పొలుసుల మధ్య దాగి ఉండి, ఫిబ్రవరి ప్రాంతంలో మొగ్గలు ఉబ్బే సమయంలో వానలు పడితే, ఆకు ఇంకా మడత విప్పకముందే లోపలికి చేరిపోతాయి. మనకు ఏప్రిల్‌లో కనబడేది ఫిబ్రవరిలో జరిగిపోయిన పని కాబట్టి, ఇప్పుడు వేప నూనె కొట్టినా మరేది కొట్టినా ప్రయోజనం ఉండదు. ముడుచుకున్న ఆకులు కొన్నాళ్లకు రాలిపోతాయి. వాతావరణం పొడిబారి పగటి వేడి 26, 27 డిగ్రీలు దాటితే తెగులు తనంతట తానే ఆగిపోయి, కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. ఈ ఏడు చెట్టు రెండుసార్లు ఆకు తొడుక్కోవలసి వచ్చింది కనుక, కాయలు మరీ ఎక్కువ ఉంచి దాన్ని బాధపెట్టకండి.

మందు కొట్టవలసిన సమయం ఆకు పూర్తిగా రాలిన తరువాత, అంటే నవంబరు చివర ఇక్కడివాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో ఒకసారి. వానలు ఎక్కువున్న ఏడాది మొగ్గలు ఉబ్బకముందు మరొకసారి. రాగి మందు, అంటే మన రైతులకు తెలిసిన బోర్డో మిశ్రమం వంటిదే, సీసా మీద రాసిన మోతాదులో, మోడు కొమ్మలు నీరు కారేటట్టు తడపాలి. మీ నాన్నగారికి "ఇది బోర్డో పని" అని ఒక్క మాట చెబితే మిగతాది ఆయనే చూసుకుంటారు.

మరొక చిన్న పని కూడా ఉంది. ఆకులు రాలిపోతున్న ఈ సమయంలో పీచ్ కాండానికి ఎండ నేరుగా తగిలి బెరడు పగిలితే, ఆ పగుళ్లలో తొలుచు పురుగులు గుడ్లు పెడతాయి. ఇంటి లోపలి గోడలకు వేసే తెల్ల లేటెక్స్ రంగును సగానికి సగం నీళ్లు కలిపి కాండానికి పూయండి. మన ఊళ్లలో రోడ్ల పక్క చెట్లకు సున్నం కొట్టినట్టే ఉంటుంది.

జవాబు: మొడెస్టో తోటమాలి

పై జవాబులో చెప్పినవన్నీ నాకు సమ్మతమే. కత్తిరింపు గురించి మాత్రం నేను కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడి మనవాళ్ల పెరళ్లలో నేను చూసే నష్టాల్లో సగం కత్తెర పట్టిన నెల వల్ల వచ్చినవే.

ఆప్రికాట్‌ను జనవరిలో కోయించడమే మీ ఇబ్బందికి మూలమని నా అనుమానం. యూటిపా అనే శిలీంధ్రం బీజాలు వాన నీటితో బయటపడి గాలికి ఎగురుతూ, పచ్చి కోత ఎక్కడ దొరికితే అక్కడ దిగుతాయి. కొమ్మ వెంటనే చావదు. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, వేసవి మొదట్లో ఒక కొమ్మ మాత్రం ఆకులు రాల్చకుండానే ఎండుతుంది. ఈ కారణంగానే ఆప్రికాట్‌నూ చెర్రీనీ వేసవిలో, కాయ కోసిన తరువాత, జులై ఆగస్టు నెలల్లో కత్తిరించాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు చెబుతారు. కోతకూ మొదటి వానకూ మధ్య కనీసం ఆరు వారాలు పొడి రోజులు ఉండాలి. ముందు బంకను దగ్గరగా చూడండి. అందులో రంపపు పొట్టు వంటిది కలిసి ఉంటే అది తొలుచు పురుగు పని. తేటగా, గాజు ముక్కలా ఉంటే తెగులుపుండు అయ్యే అవకాశం ఎక్కువ. వాడిన కొమ్మను జులైలో కోసినప్పుడు కోత ముఖం పరిశీలించండి. తెల్లని చెక్కలో గోధుమ రంగు ముక్క, కోసిన కేకు ముక్క ఆకారంలో కనిపిస్తే, అది కనబడని చోటు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంకొక అడుగు కిందకు కోయాలి. కోతల మధ్య రంపాన్ని తుడవండి, కోసినది పెరట్లో పోగు వేయకండి.

పీచ్ లెక్క దీనికి పూర్తిగా వేరు. మామిడి కొమ్మ చివర పూస్తుంది కాబట్టి చివర కత్తిరిస్తే పూత పోతుందని మీ నాన్నగారు భయపడడం సహజమే. పీచ్ మాత్రం కిందటి వేసవిలో పెరిగిన రెమ్మ పొడవునా పూస్తుంది. ఒకసారి కాసిన చోట మళ్లీ కాయదు. ఏటా శీతకాలం చివర, పెరిగినదానిలో సుమారు సగం తీసేయకపోతే, కాపు ఏడాదికేడాది కొమ్మల చివరలకు జరిగిపోయి, అయిదేళ్లకు నిచ్చెన వేసుకున్నా అందని చోట నాలుగు కాయలు కనిపిస్తాయి. ఫిబ్రవరిలో ఒక రెమ్మను చేతిలోకి తీసుకుని చూడండి: కణుపు దగ్గర మూడు మొగ్గలు పక్కపక్కన ఉంటాయి. నడుమ ఉన్న సన్నని కోసు మొగ్గ ఆకుది, దానికి అటూ ఇటూ బొద్దుగా, నూగుతో ఉన్న రెండూ పూలవి. ఇది ఒకసారి కంటితో చూసినవారికి ఏ రెమ్మ ఉంచాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ప్లమ్ మాత్రం పాత కొమ్మల మీదనున్న వేలెడంత పొట్టి రెమ్మలపైన ఏళ్ల తరబడి కాస్తుంది కాబట్టి దానికి అంత కోత అవసరం లేదు, చేతికి అందే ఎత్తులో ఉంచుకుంటే చాలు.

కాయలు పలచన చేయడం గురించి: చెట్టు తనంతట తాను కొన్ని రాల్చే మాట నిజమే, కానీ తన కొమ్మ బరువు తాను లెక్కపెట్టుకోదు. మా శాంటా రోజా చెట్టుకు నేను మొదటి ఏడాది జాలిపడ్డాను. జూన్‌లో ఒక రాత్రి టపాకాయ పేలినట్టు చప్పుడైతే లేచి చూశాను. ప్రధానమైన మూడు కొమ్మల్లో ఒకటి మొదట్లోకి చీలిపోయి ఉంది. దానికి ఉన్న కాయలన్నీ గోలీల కంటే కాస్త పెద్దవి. కాయ అంగుళం లావుకు రాకముందే, లోపల టెంక గట్టిపడకముందే తుంచాలి. ప్లమ్‌కు కాయకూ కాయకూ నాలుగు నుంచి ఆరు అంగుళాలు, పీచ్‌కు అయిదు నుంచి ఏడు, ఆప్రికాట్‌కు మూడు నుంచి అయిదు అంగుళాల ఎడం ఉంచండి. ఈ వారంలో చేయకపోతే ఈ ఏటికి ఆలస్యమైనట్టే.

ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. శాంటా రోజాను, కొత్త మొక్క రకాలు సృష్టించిన లూథర్ బర్బాంక్ 1906లో శాంటా రోజా పట్టణం నుంచే విడుదల చేశారు. మా ఊరి ఫ్లాయిడ్ జైగర్ ప్లమ్‌నూ ఆప్రికాట్‌నూ కలిపి ప్లూట్‌లు తయారు చేశారు. వాటిలో ఫ్లేవర్ కింగ్ రుచికి సాటి లేదని నా అభిప్రాయం. దానికి పుప్పొడి వేరే చెట్టు నుంచి రావాలి, మీ శాంటా రోజా ఆ పనికి వస్తుంది. చెర్రీ బదులు దాని గురించి ఆలోచించండి.

జవాబు: సన్నీవేల్ నుంచి

రాగి మందు విషయంలో నాది కొంచెం భిన్నాభిప్రాయం. రాగి నేలలో విరిగిపోదు, ఏటేటా పేరుకుంటుంది. వానకు కొట్టుకుపోయి కాలువల్లో చేరితే చేపలకు హాని. ఒక్క చెట్టుకు ఏడాదికి ఒకసారి కొట్టడంలో తప్పు లేదు కానీ, కొత్తగా నాటేవారు ముడతను తట్టుకునే ఫ్రాస్ట్, ఇండియన్ ఫ్రీ వంటి పీచ్ రకాలు చూసుకోవడం మేలు. ఫ్రాస్ట్‌కు కూడా మొదటి రెండు మూడేళ్లు మందు తప్పదని గుర్తుంచుకోండి.

చెర్రీ నాటడం గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఈ చెట్లన్నీ ఆకు రాల్చి నిద్రపోయే జాతులు. శీతకాలంలో సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు పడితేనే వసంతంలో సరిగ్గా మేలుకుంటాయి. మీ శాంటా రోజాకు దాదాపు 300 గంటలు, బ్లెన్‌హైమ్‌కు 400 చాలు. బింగ్‌కు 700 దాకా కావాలి, పైగా అది ఒంటరిగా కాయదు, పుప్పొడికి మరో రకం తోడు ఉండాలి. మా ఊళ్లో ఒకప్పుడు చెర్రీ తోటలు నిండుగా ఉండేవి కనుక అసాధ్యమని అనను. చలి తక్కువ పడిన ఏడాది మాత్రం పూత విడతలు విడతలుగా వచ్చి కాపు పలచబడుతుంది. మిన్నీ రాయల్, రాయల్ లీ అనే జంట తక్కువ చలికి కాస్తుంది, ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి. చెర్రీ వేళ్లు తడి బంకమట్టిని మిగతా వాటికంటే తక్కువ ఓర్చుకుంటాయి కాబట్టి, ఏది నాటినా అడుగెత్తు దిబ్బ పోసి దాని మీదే నాటండి. పక్షులకు వల మీరే ముందు కొనాలి, అవి మీకంటే రెండు రోజులు ముందే వస్తాయి.

ఆ ముసలి ఆప్రికాట్‌ను మాత్రం వీలైనంత వరకు కాపాడండి. పెల్లియర్ సోదరులు 1856లో ఫ్రాన్స్ నుంచి ప్రూన్ (ఎండబెట్టుకునే ప్లమ్) అంట్లు తెప్పించింది శాన్ హోసేకే. శాన్ హోసే చుట్టూ ఉన్న ఈ లోయంతా ప్రూన్, ఆప్రికాట్ తోటలుగా ఉన్నప్పుడు దీన్ని 'వ్యాలీ ఆఫ్ హార్ట్స్ డిలైట్', అంటే మనసుకు ఆనందమిచ్చే లోయ, అనేవారు. తోటలు కొట్టి ఇళ్లు కట్టినప్పుడు పెరటికొకటి అరా మిగిలిన చెట్లలో మీది ఒకటి కావచ్చు. బ్లెన్‌హైమ్ పండు మెత్తన, దూర ప్రయాణానికి ఆగదు కాబట్టి దుకాణాల్లో అరుదు. రెండు చెక్కలుగా విడదీసి ఎండబెడితే మన ఖుబానీ కా మీఠాకు కొన్నదానికంటే పులుపు కలిసిన రుచి వస్తుంది. టెంకలోని పప్పు మాత్రం చేదుగా ఉంటే వాడకండి. అందులో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది.

ప్రశ్న: కొంపల్లి నుంచి ఒక చదువరి

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మేము హైదరాబాదు శివార్లలో ఉంటాము. సూపర్ మార్కెట్లో కొన్న పీచ్ పండ్ల టెంకలు నాటితే రెండు మొలకెత్తాయి. ఏడాదిలో నడుము ఎత్తు పెరిగాయి. కాపుకు ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: మొడెస్టో తోటమాలి

నిరుత్సాహపరచాలని కాదు కానీ, అవి కాయకపోవడానికే అవకాశం ఎక్కువ. హైదరాబాదులో 7 డిగ్రీలకు దిగే రాత్రులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఆ చలి కూడా తెల్లవారుజామున కొద్ది గంటలే. చలి చాలని చెట్టు సరిగ్గా నిద్రపోదు, సరిగ్గా లేవదు. ఆకులు అక్కడక్కడ వస్తాయి, పూత రాదు, వచ్చినా నిలవదు. ఫ్లోరిడాలో తక్కువ చలికి పెంచిన రకాల ఆధారంగా పంజాబ్ మైదానాల్లో పీచ్ సాగు చేస్తున్నారు, కానీ వాళ్ల జనవరి వేరు, మీ జనవరి వేరు. పైగా టెంక నుంచి వచ్చిన మొక్క తల్లి పండునే ఇస్తుందన్న భరోసా లేదు. మామిడికి అంటు ఎందుకు కడతామో దీనికీ అందుకే కడతారు. ఆ స్థలంలో మామిడి అంటు, రేగు, నేరేడు ఏది వేసుకున్నా టెంక పండు ముచ్చట తీరుతుంది.

తిరిగి: ఆల్మడెన్ వాసి (మే మూడవ వారం)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది రాయడం బాధ్యత అనిపించింది.

మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. పాదుల సంగతి విని కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఆయనే పెన్‌నైఫ్ తీసుకుని మూడు మొదళ్లూ గీకి చూశారు. పీచ్‌కు, ప్లమ్‌కు లోపల లేత పచ్చగానే ఉంది. ఆప్రికాట్‌కు ఒక పక్క గోధుమ రంగు మొదలైంది, రెండంగుళాల మేర ఉంటుంది. అంటు ముడులు బయటపడేదాకా మట్టి లాగి, కొమ్మల అంచు కింద వలయం గీసి డ్రిప్ గొట్టం పరిచాము. ఆప్రికాట్ మొదలు ఇప్పుడు పొడిగా ఉంది, ఆ మచ్చ పెరగలేదు. ఎండిన కొమ్మను ఆగస్టు మొదటి వారంలో కోయాలని క్యాలెండరులో రాసిపెట్టారు. ఆయన జులైలోనే వెళ్లిపోతారు కనుక, ఎక్కడ కోయాలో కొమ్మకు ఎర్ర గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టారు. పీచ్ పాత ఆకులు దాదాపు రాలిపోయి, కొత్తవి నున్నగా వస్తున్నాయి. నవంబరు మందుకు బోర్డో మోతాదు మాత్రం ఆయన తన లెక్కలో చెప్పారు, నేను సీసా మీది లెక్కే పాటిస్తాను.

ప్లమ్ కాయల దగ్గరే రెండు రోజులు వాదన నడిచింది. చివరకు సగం చెట్టు ఆయన మాట ప్రకారం, సగం చెట్టు మీ మాట ప్రకారం అని ఒప్పందం కుదిరింది. నా సగంలో 163 కాయలు తుంచాను. వాటిని చెత్తలో వేయబోతుంటే అమ్మ ఆపి, ఒకటి కొరికి చూసి, టెంకలు తీయించి, మామిడికాయకు బదులు పప్పులో వేసింది. నాన్నగారు రెండోసారి వడ్డించుకున్నారు. మరునాడు ఉదయం నేను లేచేసరికి ఆయన గిన్నె పట్టుకుని తన సగం చెట్టు దగ్గర ఉన్నారు.